ఇంజిన్ కొత్తది, తాళంచెవి ఎవరిది?

సత్యవేడు అనగానే మనకు గుర్తొచ్చేది శ్రీసిటీ, కంపెనీ బస్సులు, షిఫ్టులు. సముద్రం ఎవరికీ గుర్తురాదు. కానీ 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పటి నుంచి సత్యవేడు, తడ, సూళ్లూరుపేట ఒకే జిల్లా. శ్రీసిటీ దాటి తడ మీదుగా తూర్పుకు పోతే గంటలోపే పులికాట్ ఒడ్డున ఉంటాం. భీములవారిపాళెంలో పడవెక్కితే ఇరకం దీవి. సరస్సుకు అవతల శ్రీహరికోట, దాని వెనక బంగాళాఖాతం.

ఇంత చిన్న దూరంలో డీజిల్ ఇంజిన్ రెండు వేర్వేరు కాలాల్లో బతుకుతోంది. ఇటు శ్రీసిటీలో ఇసుజు ఫ్యాక్టరీ ఉంది. 2016 ఏప్రిల్‌లో మొదలైంది, 2020లో అక్కడే ఇంజిన్ అసెంబ్లీ కూడా పెట్టారు. వీ-క్రాస్ బండిలో ఉండే 1.9 లీటర్ల డీజిల్ ఇంజిన్‌కి ఎప్పుడు, ఎంత డీజిల్ కొట్టాలో చెప్పేది ఈసీయూ అనే చిన్న కంప్యూటర్. అటు తీరంలో మన మరబోట్లలో చాలావాటికి ఇప్పటికీ ఆ పని చేసేది మెకానికల్ పంపే. స్పానర్లు, ఫీలర్ గేజి, అనుభవమున్న చెవి ఉంటే చాలు, మెకానిక్ దాన్ని ఒడ్డునే సరిచేస్తాడు.

ఈ తేడా ఎక్కువ కాలం ఉండదు. పడవ అదే ఉంచి లోపలి ఇంజిన్ మార్చడాన్ని రీపవరింగ్ అంటారు. ఇకపై మార్చే ప్రతిసారీ ఎలక్ట్రానిక్ ఇంజిన్ వచ్చే అవకాశం పెరుగుతూనే ఉంటుంది. నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. ఆ ఇంజిన్ రావాలి, కానీ దాన్ని అర్థం చేసుకునే హక్కు, బాగుచేసుకునే హక్కు కూడా దాంతోపాటే పడవెక్కాలి. అవి రాకపోతే ప్రజల సొమ్ముతో దానికి సబ్సిడీ ఇవ్వకూడదు.

ముందు, ఎందుకొస్తోందో చూద్దాం. పడవల మీద నేరుగా ఒత్తిడి తక్కువే. అంతర్జాతీయ మార్పోల్ ఒప్పందం ఆరో అనుబంధంలో నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితి 130 కిలోవాట్లు దాటిన ఇంజిన్లకే వర్తిస్తుంది. అంటే సుమారు 174 హార్స్‌పవర్. మన తీరంలో మామూలు మరబోటు దానికి దిగువనే ఉంటుంది. కానీ పడవ ఇంజిన్ ఆకాశం నుంచి ఊడిపడదు కదా. లారీకో, ట్రాక్టర్‌కో, జనరేటర్‌కో తయారైన ఇంజిన్‌కే సముద్రానికి తగ్గ కూలింగ్, హీట్ ఎక్స్ఛేంజర్, మెరైన్ గేరుబాక్సు తగిలించి పడవలో దింపుతారు. అశోక్ లేలాండ్ ఇంజిన్లను అలా వాడటం మన దగ్గర పాత పద్ధతే. ఇప్పుడు రోడ్డు మీద బీఎస్-6 వచ్చింది (2020 ఏప్రిల్ 1). 50 హార్స్‌పవర్ దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి నుంచి, జనరేటర్లకు 2023 జూలై నుంచి కొత్త ఉద్గార నియమాలొచ్చాయి. వాటికి తగ్గట్టు ఆ ఇంజిన్లన్నీ ఎలక్ట్రానిక్ వైపు జరుగుతున్నాయి. లారీ మారితే, కాస్త ఆలస్యంగానైనా పడవా మారక తప్పదు.

కొత్త ఇంజిన్‌లో మంచి లేదా అంటే, చాలా ఉంది. కామన్ రైల్ పద్ధతి 1995లో డెన్సో ద్వారా హినో ట్రక్కులో, 1997లో ఆల్ఫా రోమియో 156 కారులో మార్కెట్‌లోకొచ్చింది. పాత పద్ధతిలో పంపు తిరిగే వేగాన్ని బట్టి ప్రెజర్ మారుతుంది. స్లోగా నడుస్తున్నప్పుడు డీజిల్ సరిగ్గా చీలదు, నల్లపొగ వస్తుంది. కామన్ రైల్‌లో ఇంజిన్ స్లోగా ఉన్నా కావలసినంత ప్రెజర్ నిలబెట్టొచ్చు, పూర్తి లోడులో అది 1600 నుంచి 2000 బార్ దాకా పోతుంది. డీజిల్ సన్నటి తుంపరగా పడి బాగా మండుతుంది. పొగ తగ్గుతుంది, చప్పుడు తగ్గుతుంది. రోజుల తరబడి ఆ ఇంజిన్ పక్కనే తిని, అక్కడే పడుకునే కలాసీకి అది చిన్న విషయం కాదు.

డబ్బు లెక్క కూడా చూద్దాం. నెలకు 3,000 లీటర్లు కాల్చే బోటు అనుకోండి. కొత్త ఇంజిన్ 10 శాతం ఆదా చేసిందనుకుందాం. అంటే 300 లీటర్లు. లీటరు 95 రూపాయలేసుకున్నా నెలకు 28,500. ఇప్పుడు రెండో వైపు చూడండి. రాష్ట్ర ప్రభుత్వం 2019లో మత్స్యకారులకు డీజిల్ రాయితీని లీటరుకు 6.03 నుంచి 9 రూపాయలకు పెంచింది. 3,000 లీటర్ల మీద ఆ రాయితీ 27,000. అంటే మంచి ఇంజిన్ ఒక్కటి దాదాపు రాయితీ అంత సొమ్ము తెచ్చిపెడుతుంది, డీజిల్ కాల్చకుండానే. రాయితీ తీసేయమని నేననడం లేదు. ఇంజిన్ మార్పిడికి పెట్టే ప్రభుత్వ సొమ్ము వృథా కాదని మాత్రమే అంటున్నాను.

అయితే కంపెనీ బ్రోచర్‌లో కనపడే ఆదా అంతా కంప్యూటర్ గొప్పేనని నమ్మొద్దు. ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో పంపుల దగ్గర చదివిన సూత్రమే ప్రొపెల్లర్‌కీ వర్తిస్తుంది. అది తీసుకునే పవర్ ఆర్‌పీఎం ఘనాన్ని బట్టి మారుతుంది. ఆర్‌పీఎం 20 శాతం తగ్గిస్తే పవర్ 0.8 × 0.8 × 0.8, అంటే 0.512. సగానికి పడిపోయింది. పడవ వేగం కూడా 20 శాతం తగ్గిందనుకుంటే ప్రయాణానికి పట్టే టైం 1.25 రెట్లు. మొత్తం మీద అదే దూరానికి పట్టే డీజిల్ 0.64 వంతు. వల లాగేటప్పుడు ఇది కుదరదు, కానీ వేటకు పోయేటప్పుడు, తిరిగొచ్చేటప్పుడు కుదురుతుంది. పాత ఇంజిన్‌తోనూ కుదురుతుంది! మరి ఎలక్ట్రానిక్ ఇంజిన్ గొప్పేంటంటే, గంటకు ఎన్ని లీటర్లు పోతున్నాయో అప్పటికప్పుడు తెర మీద చూపిస్తుంది. కళ్ల ముందు అంకె కనపడితే సరంగు చెయ్యి తనంతట తానే థ్రాటిల్ తగ్గిస్తుంది.

ఇంకో సంగతి. ఇంజిన్ ఒక్కటే మార్చి పాత గేరుబాక్సు, పాత ప్రొపెల్లర్ ఉంచేస్తే లాభం రాదు. పాత ఇంజిన్ 1,800 ఆర్‌పీఎం దగ్గర పూర్తి పవర్ ఇచ్చేదైతే, కొత్తది 2,500 దగ్గర ఇవ్వొచ్చు. రెండిటికీ సరిపోయే రిడక్షన్, పిచ్ వేరు. ప్రొపెల్లర్ మరీ బరువైపోతే కొత్త ఇంజిన్ తన ఆర్‌పీఎంని ఎప్పటికీ అందుకోదు, ఎప్పుడూ ఓవర్‌లోడ్‌లోనే నలుగుతుంది. రీపవరింగ్ అంటే షాఫ్టు చివరిదాకా లెక్కేయాల్సిన పని.

ఇక భయపడాల్సిన చోటుకు వద్దాం.

మెకానికల్ పంపున్న చాలా ఇంజిన్లు ఒకసారి స్టార్టయితే బ్యాటరీ చచ్చిపోయినా నడుస్తాయి. డీజిల్, గాలి ఉంటే చాలు. ఎలక్ట్రానిక్ ఇంజిన్‌లో ఈసీయూకి కరెంటు ఆగిన మరుక్షణం ఇంజెక్టర్లు మూసుకుంటాయి, ఇంజిన్ ఆగిపోతుంది. ఉప్పుగాలికి కనెక్టర్ పిన్నులు పచ్చబడితే చాలు, సెన్సర్ తప్పు చెబుతుంది. తప్పు విన్న ఈసీయూ ఇంజిన్‌ని కాపాడదామని పవర్ తగ్గించేస్తుంది. పడవల్లో డీజిల్ డ్రమ్ముల్లో, క్యాన్లలో ఉంటుంది, అందులో నీళ్లు చేరడం మామూలే. పాత ఇంజెక్టర్ కొంతవరకు ఓర్చుకునేది. మైక్రాన్ల గ్యాపుతో పనిచేసే కామన్ రైల్ పంపు, ఇంజెక్టర్ ఓర్చుకోవు.

ఇవన్నీ ఇంజినీరింగ్ సమస్యలు, వీటికి పరిష్కారాలున్నాయి. నీటిని వేరుచేసే మంచి ఫిల్టరు, ఈసీయూకి విడిగా రెండో బ్యాటరీ, నీళ్లు దూరని కనెక్టర్లు. పరిష్కారం లేకుండా మిగిలేది తాళం. ఇంజిన్ ఎందుకాగిందో ఈసీయూకి తెలుసు. ఆ కారణం చదవాలంటే కంపెనీ సాఫ్ట్‌వేర్, కంపెనీ కేబుల్, కంపెనీ లాగిన్ కావాలి. కొన్ని ఇంజిన్లలో కొత్త ఇంజెక్టర్ వేసినా దాని కోడ్ ఈసీయూలో ఎక్కించందే సరిగ్గా నడవదు. రోడ్డు మీద ఇలా జరిగితే బండి పక్కన పెట్టి ఫోన్ చేస్తాం, టోయింగ్ వ్యాన్ వస్తుంది. ఒడ్డు కనపడనంత దూరంలో, ఈశాన్య రుతుపవనాల గాలిలో, ఐసులో చేపలు, పడవలో ఏడెనిమిది మంది ఉండగా ఇంజిన్ ఆగితే ఎవరికి ఫోన్ చేస్తాం? అక్కడ ఇంజిన్ ఆగితే పోయేది ఒక రోజు కూలి మాత్రమే కాదు. గాలికి అడ్డంగా తిరిగిన పడవ బోల్తా పడొచ్చు.

పెద్ద ఓడల్లో ఈ ప్రశ్న ఎప్పుడో వచ్చింది. 2001లో జిప్సం సెంటెన్నియల్ అనే ఓడలో క్యామ్‌షాఫ్టు లేని, ఎలక్ట్రానిక్ కంట్రోల్‌తో నడిచే సుల్జర్ ఆర్‌టీ-ఫ్లెక్స్ ఇంజిన్ పెట్టారు. అప్పటినుంచి ఆ రకం ఇంజిన్లు సముద్రమంతా తిరుగుతున్నాయి. కానీ అక్కడ ముఖ్యమైన కంట్రోల్ యూనిట్లు ఒకటి పోతే ఇంకొకటి అందుకునేలా జంటగా ఉంటాయి. స్పేర్ పార్టులుంటాయి. ఇంజిన్ రూంలో చదువుకున్న ఇంజినీర్లు ఉంటారు. చిన్న పడవకొచ్చేసరికి ఈసీయూ ఒక్కటే, స్పేర్ లేదు, ఇంజినీరూ లేడు. ఎవరికి ఎక్కువ రక్షణ కావాలో వాళ్లకే తక్కువ ఇస్తున్నాం.

రైతులు ఈ గొడవ ముందే చూశారు. అమెరికాలో జాన్ డీర్ ట్రాక్టర్ల సాఫ్ట్‌వేర్ తాళాల మీద రైతులు ఏళ్ల తరబడి పోరాడారు. 2023లో కొలరాడో రాష్ట్రం వ్యవసాయ యంత్రాలకు రిపేరు హక్కు చట్టం చేసింది, అది 2024 జనవరి 1 నుంచి అమల్లోకొచ్చింది. 2025 జనవరిలో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ కంపెనీ మీద కేసు కూడా వేసింది. మన దేశంలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో రిపేరు హక్కు మీద కమిటీ వేసి, మొదట నాలుగు రంగాలను ఎంచుకుంది: వ్యవసాయ పరికరాలు, మొబైళ్లు-టాబ్లెట్లు, ఇంట్లో వాడే వస్తువులు, వాహనాలు. ఆ జాబితాలో పడవ లేదు. ట్రాక్టర్ ఆగితే రైతు నడిచి ఇంటికెళ్లగలడు. పడవ ఆగినవాడు నడవలేడు. ఆ లెక్కన పడవ పేరు ముందుండాలి.

కంపెనీల వైపు వాదన కూడా వినాలి. తాళం తీస్తే ఎవడంటే వాడు సాఫ్ట్‌వేర్ మార్చి, పవర్ పెంచి, ఇంజిన్ పాడుచేసి, వారంటీ అడుగుతాడంటారు. పొగ నియమాలు గాలికి పోతాయంటారు. ఇందులో నిజముంది, లారీల్లో అలాంటివి జరుగుతాయని మనకీ తెలుసు. కానీ ఇక్కడ మూడు వేర్వేరు పనులను కలిపి మాట్లాడుతున్నారు. ఒకటి, తప్పేంటో చదవడం. రెండు, పాడైన పార్టు మార్చి దాన్ని ఈసీయూకి పరిచయం చేయడం. మూడు, డీజిల్ మ్యాపు తిరగరాయడం. మూడోదానికి తాళం ఉంచుకోండి, అభ్యంతరం లేదు. మొదటి రెండిటికీ తాళం ఎందుకు? డాక్టర్ మాత్రమే ఆపరేషన్ చేయాలంటే ఒప్పుకుంటాం, థర్మామీటర్ కూడా డాక్టర్ దగ్గరే ఉండాలంటే ఎలా?

అందుకే ప్రభుత్వం ఏ పథకం కిందైనా పడవ ఇంజిన్‌కి డబ్బిస్తే నాలుగు షరతులు పెట్టాలని నా అభిప్రాయం.

మొదటిది, ఫాల్ట్ కోడ్‌లు కంపెనీ లాప్‌టాప్ లేకుండా చదవగలగాలి. రెండోది, సెన్సర్ పోయినా సరే ఒడ్డుకు చేరేంత పవర్ ఇంజిన్ ఇవ్వాలి. ట్రక్కులో యాడ్‌బ్లూ అయిపోతే పవర్ తగ్గించే ప్రోగ్రాంల లాంటివి పడవలో ఉండనే కూడదు. మూడోది, ఇంజెక్టర్, పంపు, ఈసీయూ స్పేర్లు హార్బర్ దగ్గరే దొరకాలి. ఉప్పాడ, నిజాంపట్నం, మచిలీపట్నం, జువ్వలదిన్నె దగ్గర కొత్త హార్బర్లు కట్టాలని తలపెట్టినప్పుడు జెట్టీ, ఐసు ప్లాంటు గురించి ఆలోచించినట్టే డయాగ్నొస్టిక్ గది గురించి కూడా ఆలోచించాలి. నాలుగోది, పాత మెకానిక్‌కి శిక్షణ. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి, రిపేర్లన్నీ అప్పుడే జరుగుతాయి. క్లాసులు పెట్టడానికి అంతకంటే మంచి టైం ఏముంది? మనకూ అప్పుడు సెమిస్టర్ సెలవులొస్తాయి.

పాత ఇంజిన్ ఏమవుతుందో కూడా చూడాలి. కాలిఫోర్నియాలో 1998లో మొదలైన కార్ల్ మోయర్ పథకం ఇంజిన్ మార్పిడికి గ్రాంటు ఇస్తుంది, కానీ పాత ఇంజిన్‌ని మళ్లీ వాడటానికి వీల్లేకుండా ధ్వంసం చేయాలంటుంది. మన దగ్గర అలాంటి షరతు లేకపోతే పెద్ద బోటులోంచి తీసిన పొగ ఇంజిన్ ఇంకో చిన్న బోటులోకి చేరుతుంది. పొగ ఎక్కడికీ పోదు, ఓనరు మారతాడంతే.

ఇదే మాట పులికాట్‌కి చెప్పను. ఆ సరస్సు సగటు లోతు మీటరు దగ్గరే. పక్షుల అభయారణ్యం కూడా. అక్కడ వంద హార్స్‌పవర్ ఇంజిన్‌కి పని లేదు. గడ, తెరచాప, మరీ అవసరమైతే చిన్న ఎలక్ట్రిక్ మోటార్. నా వాదన అంతా సముద్రంలోకి పోయే బోట్ల గురించే.

ఇదంతా సాహిత్య క్లబ్ పత్రికలో ఎందుకు రాస్తున్నావని ఎవరైనా అడగొచ్చు. నాలుగు షరతులూ తీరినా చివర్లో మిగిలేది భాష కాబట్టి.

డీజిల్ ఇంజిన్ల ఈసీయూలు చాలావరకు జె1939 అనే ప్రమాణంలో మాట్లాడతాయి. సెకనుకు 250 కిలోబిట్ల వేగంతో నడిచే క్యాన్ బస్ అది. అందులో ప్రతి విషయానికీ ఒక నంబరుంటుంది. 100 అంటే ఆయిల్ ప్రెజర్, 110 అంటే కూలెంట్ వేడి, 97 అంటే డీజిల్‌లో నీళ్లు. దాని పక్కన ఇంకో నంబరు తప్పు ఏ రకందో చెబుతుంది. 0 అంటే ప్రమాదకరంగా ఎక్కువ, 1 అంటే ప్రమాదకరంగా తక్కువ. తెర మీద 100, 1 అని వెలిగిందంటే ఆయిల్ ప్రెజర్ పడిపోయిందని అర్థం. రాత్రి రెండు గంటలప్పుడు సరంగు ఆ అంకెలు చూసి ఏం చేయాలి?

ఇక్కడ రెండు రకాల తెలుగు చెడగొడుతుంది. ఒకటి, ఇంగ్లీషు మాటలను తెలుగు అక్షరాల్లో దింపేసి వదిలేయడం. రెండోది, 'శీతలీకరణ ద్రవ ఉష్ణోగ్రత అధికం' లాంటి పరీక్ష పేపరు తెలుగు. ఆ రెండూ పడవలో పనికిరావు. కావలసింది ఇలాంటిది:

'ఆయిల్ ప్రెజర్ పడిపోయింది. ఇంజిన్ వెంటనే ఆపండి. ఆయిల్ లెవెల్ చూడండి.'

'ఇంజిన్ బాగా హీటెక్కింది. స్పీడు తగ్గించండి. ఉప్పునీళ్ల పంపు, జాలీ చూడండి.'

'డీజిల్‌లో నీళ్లున్నాయి. ఫిల్టరు కింద కుళాయి తిప్పి నీళ్లు వదలండి.'

ముందు ఏమైంది, తర్వాత ఏం చేయాలి. చిన్న వాక్యాలు. మన నాన్న వయసున్న సరంగుకు 'ఆపు' అని కాకుండా 'ఆపండి' అని చెప్పే మర్యాద. చదవలేని వాళ్లుంటారు కాబట్టి ఇవే మాటలు గొంతుతో కూడా వినపడాలి. శ్రీకాకుళంలో ఒక మాటంటే ఇక్కడ ఇంకో మాటంటారు కాబట్టి హార్బర్ హార్బర్‌కీ వెళ్లి అడగాలి. ఇది నిఘంటువు ముందేసుకుని కూర్చుంటే అయ్యే పని కాదు, మెకానిక్ పక్కన కూర్చుంటే అవుతుంది.

జరగని పని అనుకోకండి. మన పక్కనే ఇస్రో చేసి చూపించింది. 2024 జనవరిలో విడుదలైన రెండో తరం ప్రమాద హెచ్చరిక పరికరాన్ని బ్లూటూత్‌తో ఫోన్‌కి కలిపి, సందేశాలను యాప్‌లో సొంత భాషలో చదువుకోవచ్చు. అదే ఏడాది ఆగస్టు 30న లక్ష పడవలకు ట్రాన్స్‌పాండర్లు పెట్టే పథకం పాల్ఘర్‌లో మొదలైంది. ఉపగ్రహం నుంచొచ్చే మాట జాలరి భాషలోకి మారగలిగినప్పుడు, కాళ్ల కింద ఉన్న ఇంజిన్ మాట మారలేదా?

ఒక చిన్న మైక్రోకంట్రోలర్, ఒక క్యాన్ ట్రాన్సీవర్, ఒక ఫోన్ యాప్. ఈసీఈ వాళ్లు సర్క్యూట్, సీఎస్ఈ వాళ్లు యాప్, మెకానికల్ వాళ్లు ఇంజిన్, ఈ క్లబ్ వాళ్లు వాక్యాలు. ఇది చదవడానికి మాత్రమే పనికొస్తుంది, ఈసీయూలో ఏమీ రాయదు, కాబట్టి ఇంజిన్‌కి ప్రమాదం లేదు. ఫైనలియర్ ప్రాజెక్టుల లిస్టులో ఏటా అదే అటెండెన్స్ యాప్, అదే లైన్ ఫాలోవర్ రోబో కనపడుతున్నాయి. వాటి బదులు ఇది ఒక్కటి చేద్దాం. మొదటి ముప్పై కోడ్‌లకు తెలుగు వాక్యాలు రాసి వచ్చే సంచికలో వేద్దాం. తప్పులుంటే దిద్దడానికి హార్బర్‌లో మెకానిక్‌లున్నారు. వేట నిషేధం మొదలయ్యేలోపు ఆ కాగితం వాళ్ల చేతికి అందాలి.